కాలందని చోట

తెల్లవారేసరికి పైడితల్లి జుట్టు మళ్ళీ తడిసి ఉంది.

రత్నాలు దువ్వెన పట్టుకుని కూతురిని గుమ్మంలో కూర్చోబెట్టుకుంది. జడ విప్పగానే కొండ మీంచి పారే గెడ్డలోని నాచు వాసన వచ్చింది. నిన్న సాయంత్రం ఆముదం రాసి తాను అల్లిన జడ కాదది. ఎవరో విప్పి, నీళ్ళు పిండి, మళ్ళీ బిగించి అల్లారు. ఎవరో ఏమిటి, ఇంట్లో అంత నున్నగా అల్లే చెయ్యి ఒక్కటే ఉంది. తోడికోడలు నీలవేణిది. కన్నతల్లి అల్లిన జడ పనికిరాలేదు కాబోలు అనుకుని రత్నాలు ఒక చిక్కును కాస్త గట్టిగానే లాగింది. పిల్ల మెడ వంచుకుంది.

కాసేపటికి పిల్లే కబుర్లు మొదలుపెట్టింది. ఇవాళ గెడ్డ మడుగులో సగందాకా వెళ్ళిందట. చిన్నమ్మ పక్కనే ఉందట. చెయ్యి పట్టుకోకుండానే ఈదిందట. రత్నాలు ఊ కొడుతూ దువ్వుతోంది. ఆ మాటల్లోనే, ఏదో పొయ్యిలోకి పుల్ల తేవడం గురించి చెప్పినంత మామూలుగా అంది పైడితల్లి.

"కొత్తల పండక్కి నువ్వు నీళ్ళలోకి రాలేవు కదమ్మా. సిన్నమ్మ వత్తానంది. సిన్నమ్మే పలుకుతాది."

దువ్వెన ఆగిపోయింది.

డుంబ్రిగుడకు ఓ పూట నడకదూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పదో ఏడు నిండిన ఆడపిల్ల కొత్తల పండగనాడు కొత్త చోడి కంకులు, అంటే రాగి వెన్నులు, తలకు కట్టుకుని, మడుగు మధ్యలో ఉన్న అమ్మోరి బండ దగ్గరకు ఈదుకుంటూ వెళ్ళాలి. కంకులు బండమీద పెట్టి "అమ్మా" అని రెండుసార్లు పిలవాలి. తల్లి "ఓ" అని రెండు పిలుపులకూ పలకాలి. ఒడ్డున నిలబడి పలికితే చెల్లదు. కాళ్ళు నేలకందని చోట నీళ్ళలో ఉండి పలకాలి. అప్పుడే ఆ పిల్ల ఎవరిదో గెడ్డకు తెలుస్తుందట. ఇక ఏ వరదలోనూ గెడ్డ ఆ పిల్లను తనది అనుకోదట. ఇది కొండవాళ్ళ ఆచారం. దిగువ నుంచి ఉప్పు బస్తాలతో బళ్ళు కట్టుకొచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన రత్నాలు మామగారు, ఈ నీళ్ళు తాగుతున్నప్పుడు ఈ నీళ్ళ మాట వినాలి కదా అని తన కూతుళ్ళ చేతా చేయించాడు. అప్పుడు అత్తగారు మడుగులోకి దిగి పలికిందట. ఆవిడ మహాతల్లి, ఏ నీళ్ళకూ భయపడేది కాదు.

రత్నాలు పుట్టింది విజయనగరం దిగువన, నూతి నీళ్ళు తప్ప ఎరగని ఊళ్ళో. మోకాలు దాటిన నీళ్ళు చూస్తే ఆమెకు కళ్ళు తిరుగుతాయి. నీలవేణి పుట్టింది నాగావళి గట్టున. దానికి నడక కంటే ముందు ఈత వచ్చిందని పుట్టింటివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

నీలవేణి కాపురానికొచ్చి అయిదేళ్ళయినా కడుపు పండలేదు. పాపమని పిల్లను దాని పక్కన పడుకోబెట్టింది రత్నాలే. ఎత్తుకోవే, ఆడించుకోవే అని ఒళ్ళో పెట్టింది రత్నాలే. ఇప్పుడు ఏకు మేకై కూర్చుంది. కన్నది తాను, పలికేది అదీనా?

ఆ మాటే మొగుడు యర్రయ్యతో అంది. అతను పసుపు బస్తాలతో కొండ దిగడానికి బండి ఇరుసుకు కందెన రాసుకుంటున్నాడు.

"ఎవులు పలికితే ఏటే? గెడ్డకి సెవులున్నాయేటి?" అన్నాడు తల ఎత్తకుండా.

ఆ పూట అతని అంబలిలో ఉప్పు పడలేదు. ఎందుకు పడలేదో కూడా ఆ మహానుభావుడికి తెలియలేదు. నీలవేణి మొగుడైన తన తమ్ముడు అప్పలస్వామిని వెంటబెట్టుకుని బండి తోలుకుని వెళ్ళిపోయాడు.

అది మన్యంలో దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన మరుసటేడు. భాద్రపదం వానలు తెరిపిస్తున్నాయి. కొత్తల పండగ దసరా దాటాక. ఈలోగా ముప్ఫై దాటిన వయసులో రత్నాలు ఈత నేర్చుకుని తీరాలి. అదీ నీలవేణికి తెలియకుండా.

ముందు చీమలు మింగింది. చీమలు మింగితే ఈత వస్తుందని చిన్నపిల్లలకు అందరూ చెప్పేదే. బెల్లం గిన్నెకు మూత పెట్టడం మానేసి, చీమలు పట్టిన ముక్కనే ఏరి కళ్ళు మూసుకుని నమిలింది. నాలుక మంట పుట్టింది తప్ప ఈత రాలేదు. చిన్నప్పుడు మింగితేనే పని చేస్తుందేమో అని సరిపెట్టుకుంది.

తరవాత తన తమ్ముడు సింహాచలాన్ని పట్టుకుంది. అతను దిగువ నుంచి అక్కగారింటికి చుట్టపుచూపుగా వచ్చి ఆరు నెలలైంది. విశాఖపట్నం సముద్రంలో ఓడకు ఎదురీదానని నోరు తెరిస్తే చెబుతాడు. పరాయి మగాడి చేత నేర్చుకోలేదు, తమ్ముడైతే లోకానికి జడవక్కర్లేదు. అదీగాక అతను నీలవేణి కాదు. రత్నాలుకు అంతకంటే పెద్ద గుణం కనబడలేదు.

సింహాచలం పశువుల సావిట్లో బల్ల వాల్చి ఆమెను బోర్లా పడుకోమన్నాడు. తాను గడ్డిమోపు మీద కూర్చుని, చేతులు అలా చాపు, కాళ్ళు కప్పలా ముడువు అని చుట్ట కాలుస్తూ చెప్పాడు. రత్నాలు బల్లమీద చేతులూ కాళ్ళూ కొట్టుకుంది. ఆవులు మేత మానేసి చూశాయి. వారం తిరిగేసరికి బల్లమీద ఆమెను మించినవాళ్ళు లేరు. ఇక గెడ్డకు పోదామంటే తమ్ముడికి జలుబు చేసింది. జలుబు తగ్గితే కాలు బెణికింది. ఓ రోజు చెయ్యి పట్టుకుని లాక్కెళితే, చీలమండ తడవగానే గట్టుమీది వేరు పట్టుకుని వదల్లేదు.

"అప్పా, సముద్రం సంగతి ఏరు, గెడ్డ సంగతి ఏరు. ఉప్పు నీరయితే సూపించీసేవోడిని," అన్నాడు.

ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాళ్ళకు ఏ ఊళ్ళోనూ కరువుండదు.

ఆపైన సోములమ్మ దగ్గరకు వెళ్ళింది. సోములమ్మ అడ్డాకులు తెచ్చి అమ్మే కొండమనిషి, రత్నాలు ఈడుది. విషయం వినగానే పకపకా నవ్వింది. "నేర్సుకోడానికేటుంది, నీల్లే నేర్పుతాయి," అని మడుగు దగ్గరకు తీసుకెళ్ళి, ముందుగా ఒక్క మాట చెప్పకుండా నడుం మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది. ఆమె పిల్లలందరూ అలాగే నేర్చుకున్నారు మరి. రత్నాలు మాత్రం నాలుగు గుక్కల గెడ్డ తాగి, సోములమ్మ జుట్టు పట్టుకుని పైకొచ్చి, మూడు రోజులు జ్వరంతో మూలిగింది. తలుపు దగ్గర నిలబడి ఏటయింది అక్కా అని నీలవేణి అడిగితే వానలో తడిశానంది. మిరియాల కషాయం నీలవేణే కాచి ఇచ్చింది. అది తాగుతున్నంతసేపూ రత్నాలు గోడకేసి చూసింది.

సోములమ్మకు మనసు నొచ్చి రెండు ఎండిన ఆనపబుర్రలు తెచ్చి ఇచ్చింది. అంబలి పోసుకుని పొలానికి తీసుకెళ్ళే బుర్రలు అవి. మూతులు మూసి చంకల కింద కట్టుకుంటే మనిషి ములగదంది. దేనితో మూయాలో ఆవిడ చెప్పలేదు. కొండలో పుట్టినవాళ్ళకు తేనెమైనం సంగతి ఒకరు చెప్పాలా? రత్నాలూ అడగలేదు. కుండ మూతి మూయడం ఆడదానికి ఒకరు నేర్పాలా? కుడుములు ఉడికేటప్పుడు ఆవిరి చుక్క బయటికి పోకుండా మూత చుట్టూ పిండి మెత్తే ఇల్లాలు ఆమె. బియ్యప్పిండి గట్టిగా పిసికి, రెండు బుర్రల మూతులకూ దట్టంగా మెత్తి ఎండలో పెట్టింది. రాయిలా గట్టిపడ్డాయి. వేలితో కొట్టి చూసుకుని మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్న ఇల్లు సద్దు మణిగాక బుర్రలు చెంగులో కప్పుకుని మడుగుకు వెళ్ళింది. చీర గోచీ పోసి బిగించి, బుర్రలు కట్టుకుని దిగింది. తేలింది. చీమల బెల్లం ఏరినదీ, బల్లమీద కొట్టుకున్నదీ ఏ చేతులతోనో ఆ చేతులతోనే నీళ్ళు తోసుకుంటూ గట్టు విడిచి కదిలింది. ఆ క్షణంలో నీలవేణి చూడాలనిపించింది.

చూసింది కూడా. పైడితల్లి చెయ్యి పట్టుకుని, నీళ్ళ బిందెలతో వచ్చిన మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి గట్టుమీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే పిండి నానింది. ఎడమ బుర్ర గుడగుడమంది. రత్నాలు పక్కకు ఒరిగింది. కుడిదీ గుడగుడమంది. ఆమె కెవ్వున అరిచి, మునిగి, తేలి, చచ్చిపోతున్నానని ఇంటి దేవుళ్ళందరినీ పిలిచింది.

"అమ్మా, నిలబడు," అంది పైడితల్లి గట్టుమీంచి.

నిలబడింది. నీళ్ళు మొలబంటి ఉన్నాయి. ముక్కుమీద తెల్లటి పిండి కారుతోంది. ఆడవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది. నీలవేణి పెదవి కొరుక్కుని పక్కకు తిరిగింది. ఆ వీపు కదలడం రత్నాలు చూసింది.

ఇంటికొచ్చాక తడిచీరతోనే నడవలో నిలబడింది రత్నాలు. బండి దిగి అప్పుడే వచ్చిన యర్రయ్య కాళ్ళు కడుక్కుంటున్నాడు. పొడిచీర తెచ్చి ఇవ్వబోయిన నీలవేణి చేతిని ఆమె తోసేసింది. నా పిల్ల జడ నువ్వెందుకు విప్పావంది. నా పిల్లకు నన్ను చూసి నవ్వడం నువ్వే నేర్పావంది. ఈత పేరు చెప్పి పిల్లను లాక్కున్నావంది. యర్రయ్య ఏదో సర్దబోతే అతని మీదా విరుచుకుపడింది. నీలవేణి తల వంచుకుని అన్నీ వింది. ఆ వినడమే రత్నాలును ఇంకా మండించింది.

"సొంతంగా ఒకర్ని కనలేని గొడ్రాలివి. నా బిడ్డ పిలిస్తే పలకడానికి నీకు నోరెలాగొచ్చింది?"

యర్రయ్య చెంబు కింద పెట్టేశాడు. నీలవేణి చేతిలోని పొడిచీర మడత పెట్టి, దండెం మీద వేసి, తన గదిలోకి వెళ్ళిపోయింది. పైడితల్లి తల్లి ముఖంలోకి కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

ఆ మర్నాటి నుంచి పిల్ల జుట్టు పొడిగా ఉంది.

రత్నాలు ఆముదం రాసి అల్లిన జడ అల్లినట్టే ఉంటోంది. పైడితల్లి మడుగు మాట ఎత్తడం లేదు. తల్లి ముందు కూర్చుంటుంది, దువ్వించుకుంటుంది, లేచి వెళ్ళిపోతుంది. నీలవేణి పిల్లను చూసినా చూడనట్టు తిరుగుతోంది. కోరుకున్నదంతా రత్నాలుకు దక్కింది. దక్కినది చేతిలో పెట్టుకుని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. తప్పయిందని చెప్పాలంటే నోరు పెగలదు. చెప్పకపోతే ముద్ద దిగదు.

అయినా పండగకు కొత్త చోళ్ళు దంచాలి కదా. ఆ ఇంట్లో రోలు ఒక్కటే, రోకళ్ళు రెండు. ఇద్దరూ చెరో రోకలి పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు ఎత్తితే ఒకరు దించాలి. అయిదేళ్ళుగా ఒక్క పోటు తప్పని చేతులు ఆ రోజు పదే పదే తప్పాయి. రోకలికి రోకలి తగిలింది. మూడోసారి తగిలేసరికి నీలవేణి రోకలి గోడకు ఆనించేసింది.

"అక్కా, నువ్వు బుర్రలకి పిండి మెత్తినప్పుడు నాను సూసాను," అంది.

రత్నాలు రోకలి ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

"పిండి నానిపోతాదని నాకు తెలుసు. మైనం పెట్టుకో అక్కా అని నోటిదాకా వచ్చింది. సెప్పలేదు. లోతు లేని సోట దిగుతావు, నీకేటీ కాదు, నవ్వులపాలు అవుతావు, అంతే అనుకున్నాను. ఆడోల్లని ఆ యేలకి నీల్లకి రమ్మన్నదీ నానే."

ఎందుకో కూడా నీలవేణే చెప్పింది. నువ్వు కూడా ఈత నేర్చేసుకుంటే నాకేటి మిగులుతాదక్కా అంది. కనడం నీదే, పెట్టడం నీదే, పిలుపూ నీదే, నాకు ఆ ఒక్క మడుగే ఉందంది. అంతటితో ఆగలేదు.

"పైడికి ఒకటి నేర్పకుండా దాసుకున్నాను. అలిసిపోతే వెల్లకిలా తేలడం. అది రాకపోతే బండదాకా ఒక్కర్తీ ఎల్లలేదు, నా సెయ్యి పట్టుకోవాలి. అందుకే నేర్పలేదు. గొడ్రాలి బుద్ధి అనుకో."

అని కుప్పలా కూలబడి ఏడ్చింది.

రత్నాలుకు కోపం రావాలి. న్యాయంగా అయితే ఆ రోకలితోనే ఒకటి వెయ్యాలి. కానీ ఎదురుగా ఏడుస్తున్నది వేరెవరో అనిపించలేదు. ఇన్నాళ్ళూ గోడకేసి తిరిగి తాను మింగిన కుళ్ళే, అచ్చం అదే, ఇంకొకరి ముఖంలో కనబడింది. చీమలు మింగిన తనకూ, పిల్లకు ఈత దాచిన దీనికీ పెద్ద తేడా ఏముంది? కాకపోతే తనకు పిల్ల ఉంది, దీనికి లేదు. అంత మాట తానన్నది ఆ లేనిదాన్ని పట్టుకునే.

రోకలి దించి పక్కన కూర్చుంది.

"ఆ మాట నాను అనకూడదే. నా నోరు పడిపోను," అంది రత్నాలు. నీలవేణి చెంగుతో ముఖం తుడుచుకుంది గానీ తల ఎత్తలేదు. రత్నాలు ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"నన్ను ముంచడం తెలిసినదానివి, తేల్చడమూ నీకే తెలుస్తాది. రేపటి నుంచి నువ్వే నేర్పు."

నేర్చుకోవడం మాటంత సులువుగా జరగలేదు. మొదటి రోజు నీలవేణి ఈదడం మాటే ఎత్తలేదు. మొలలోతు నీళ్ళలో ఊరికే కూర్చోబెట్టి ఊపిరి వదలమంది. రెండో రోజూ అంతే. రత్నాలు విసుక్కుంది. బల్లమీద ఇంతకంటే ఎక్కువ నేర్చుకున్నానంది. అప్పుడు నీలవేణి ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద అరచెయ్యి పెట్టింది. భయమేసినప్పుడల్లా రత్నాలు కర్రలా బిగుసుకునేది, బిగుసుకోగానే మునిగేది. పచ్చిబాలింత పిల్లకు నీళ్ళు పోసేటప్పుడు పిల్ల ఎలా ఒళ్ళు వదులుతుందో అలా వదులక్కా అని చెప్పింది నీలవేణి. ఆ మాట దానికి ఎలా తెలుసో రత్నాలుకు అప్పుడు గుర్తొచ్చింది. తన రెండో కాన్పు పిల్లకు మొదటి నెల నీళ్ళు పోసింది నీలవేణే. అప్పుడే కొత్తగా కాపురానికి వచ్చిన పదహారేళ్ళ గుంట.

పురిటి మంచం మీద తాను లేవలేకపోతే, ఆ పసికందును నెల్లాళ్ళు కాళ్ళమీద వేసుకుని పోసింది. నెల దాటాక అది దక్కలేదు. ఆ రోజు ఈ ఇంట్లో ఎక్కువ ఏడ్చింది ఎవరో చెప్పడం కష్టం. అదంతా తాను ఎలా మరిచిపోయింది? రత్నాలు నీళ్ళలో ఒళ్ళు వదిలేసింది. తేలింది.

వాళ్ళ పక్కనే పైడితల్లి కూడా వెల్లకిలా తేలడం ఒక్కపూటలో నేర్చుకుంది. నీలవేణి ఆ పూట ఇంటికొచ్చి కొంచెం తక్కువ తింది. రత్నాలు గమనించి, సాయంత్రం పిల్ల జడ ఆమె చేతికే ఇచ్చింది.

కొత్తల పండగ నాటికి గెడ్డ తేటపడింది. ఊరంతా గట్టుమీద ఉంది. యర్రయ్యా అప్పలస్వామీ తలపాగాలు చుట్టుకుని నిలబడ్డారు. సింహాచలం పిల్లలను పోగేసి సముద్రం సంగతులు చెబుతున్నాడు. పైడితల్లి తలకు చోడి కంకుల కట్ట కట్టుకుని దిగింది. ఆమె వెనక ఇద్దరు తల్లులు దిగారు.

మెడలోతు దాకా నడిచారు. అక్కడి నుంచి పైడితల్లి వాళ్ళ చేతులు రెండూ వదిలేసి ముందుకు పోయింది. మధ్యలో అలిసిపోయి ఓసారి వెల్లకిలా తిరిగి, ఆకాశం చూసి, మళ్ళీ బోర్లా తిరిగి ఈదింది. ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. అది చూసి ఇద్దరు తల్లులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పద," అంది నీలవేణి.

రత్నాలు వెల్లకిలా ఒరిగింది. కాళ్ళ కింద నేల పోయింది. వీపు కింద నీలవేణి అరచెయ్యి ఉంది. చెవులు రెండూ నీళ్ళలో మునిగి ఊరి సందడి మాయమైంది. పైన కొండల మీది మబ్బు తప్ప ఏమీ లేదు. అప్పుడు తట్టింది ఆమెకు. ఇన్నాళ్ళూ దేనికోసం కొట్టుకుందో ఆ పిలుపు తనకు వినబడదు.

వీపు మీద నీలవేణి వేళ్ళు మెల్లగా తట్టాయి. పిలిచిందన్నమాట.

"ఓ..." అని గొంతెత్తి పలికింది రత్నాలు. గట్టుమీద ఆడవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయని తరవాత చెప్పుకున్నారు. ఆమెకు మాత్రం తన గొంతు తన తలలోనే మోగింది.

వేళ్ళు రెండోసారి తట్టాయి.

రత్నాలు పలకలేదు. బండ దగ్గర పిల్ల ఎదురుచూస్తోందని తెలుసు, ఊరంతా ఎదురుచూస్తోందని తెలుసు. వేళ్ళు కంగారుగా మళ్ళీ తట్టాయి.

"నువ్వు పలకవే. నీ కాల్లూ నేలకి అందడం లేదు కదా," అంది ఆకాశంకేసి చూస్తూనే.

నీలవేణి ఏమందో, ఎంత గట్టిగా పలికిందో, అసలు పలికిందో లేదో ఆమెకు వినబడలేదు. వీపు కింద ఉన్న అరచెయ్యి మాత్రం వణికింది. ఆ వణుకు ఆగేదాకా రత్నాలు కదలకుండా ఆ చేతిమీదే తేలుతూ ఉంది.